గాలియు గోడయు
(చంద్రపురమునందలి తెలుగువారి సభలో అధ్యక్షోపన్యాసము)



వార్ధా, ప్రాణహితా తీరములలో మరాఠీయు తెలుగును ఇరుగుపొరుగులై మెలగు ఈ సీమయందు, 1956 వఱకు మన ఆదిలాబాదు జిల్లాలో భాగముగా నుండిన రాజురాకు సమీపముననే, నాకీ అధ్యక్షపీఠము నొసగి గౌరవించిన మీ యందఱకును కృతజ్ఞుడను. సాహిత్యము మాటలాడవలసిన వేదికపై ఇంజినీరింగు గణనములేల యని కొందఱకు తోచవచ్చును గాని, ఈ పట్టణవాసులు నిత్యము చూచు వస్తువే నేటి నా ప్రసంగమునకు విషయము. అది మన థర్మల్ కేంద్రపు కూలింగు టవరు.

2920 మెగావాట్ల ఈ కేంద్రములో ఆవిరిని చల్లార్చి తాను వేడెక్కిన నీరు ఆ టవరులో జల్లుగా రాలుచుండగా, వెచ్చనై తేలికపడిన గాలి పైకెగసి, ఏ పంకాయు త్రిప్పకయే, క్రిందినుండి చల్లని గాలిని లోనికి లాగికొనును. ఇంతటి మహాకాయమును నిలుపునది నడుము సన్నగిలిన పలుచని కాంక్రీటు పెంకు. గాలి దీనిని చుట్టి యెట్లు పోవును? ఆ తాకిడిని ఈ పెంకు ఎట్లు ఓర్చును?

మొదటి ప్రశ్నకు వలయు సమీకరణములను నేవియే 1822లోను, స్టోక్సు 1845లోను కూర్చిపెట్టిరి. అయినను అవి సరళములైన కొలది ఆకృతులకే పూర్తిగా లొంగును. అందుచేత, రైతు చేనును మళ్లుగా విభజించి నీరు పారించునట్లు, గాలి యావరించిన తావునంతటిని చిన్న గదులుగా విభజించి, ఒక గదినుండి వెడలినది పొరుగుగదిలో లెక్కకు వచ్చునట్లు చూచి, లక్షలాది సమీకరణములను కంప్యూటరుచే సాధింతురు. ఇందలి చిక్కు ఒత్తిడి: వేగమునకు సమీకరణము కలదు, ఒత్తిడికి ప్రత్యేకముగా లేదు. పుణేలో ఇంజినీరింగు చదివిన సుహాస్ పతంకర్, లండనులో తన గురువైన స్పాల్డింగుతో కలిసి 1972లో దీనికి మార్గము చూపెను: ఒత్తిడిని ముందుగా ఊహించి, దానితో వేగములను గణించి, గదిలోనికి వచ్చినదానికిని పోయినదానికిని గల తేడాను బట్టి ఒత్తిడిని సవరించి, ఆ తేడా నశించువఱకు మరల మరల గణించుటయే ఆ మార్గము.

రెండవ ప్రశ్నకు ఉపకరించునది గోడను చిన్న ముక్కలుగా విభజించి గణించు పద్ధతి; దానికి 1960లో క్లఫ్ ఫైనైట్ ఎలిమెంటు అను పేరిడెను. ఉస్మానియాలో 1968లో పట్టభద్రుడైన మన జె. ఎన్. రెడ్డి, పొరలు పొరలుగా నుండు పలకలు వంగునప్పుడు లోన కలుగు కోత ప్రతిబలము పై, క్రింది తలములయందు సున్న కావలెనను సత్యమును నిలుపు సిద్ధాంతమును 1984లో ప్రకటించి, ఫైనైట్ ఎలిమెంటు పద్ధతిని ద్రవప్రవాహములకును అన్వయించి, 2019లో తిమోషెంకో పతకము నందెను. మన రెండు భాషల బిడ్డలు ఈ రెండు ప్రశ్నలకును ఇంతటి సేవ చేసిరనుట ఈ సీమలో చెప్పదగిన మాట.

అయితే పద్ధతి పరిపక్వమైనంత మాత్రమున టవరు నిలువదు. 1965 నవంబరు 1న ఇంగ్లండులోని ఫెర్రీబ్రిడ్జి విద్యుత్కేంద్రమున ఎనిమిది టవర్లలో మూడు పెనుగాలికి కూలినవి. కూలినవి గాలికి ఎదురొడ్డిన ముందు వరుసలోనివి కావు, వెనుకవరుసలోనివి! నమూనాను పరీక్షించినప్పుడు ఒంటరి టవరునే పరీక్షించిరి. ముందున్నవాని నడుమ దూరివచ్చు గాలి సుడులు తిరిగి వెనుకవానిని కొట్టునని తలపరైరి. గాలివేగమునకు సగటును గైకొని, క్షణకాలపు విసురులను లెక్కింపరైరి. పెంకు బరువు క్రిందికి అదుమును, గాలి ఎదుటిప్రక్కను పైకి లేవనెత్తును. పెంకును చీల్చు లాగుడు ఈ రెంటికిని గల అంతరమే గనుక, గాలిలో స్వల్పమైన పొరపాటు ఆ లాగుడులో పెక్కురెట్లై తేలును. గాలి లెక్క ఒకరును, గోడ లెక్క మఱొకరును వేసి, ఒకరి కాగితము నింకొకరు ప్రశ్నింపక స్వీకరించు అలవాటు నేటికిని పోలేదు. నాకు మిక్కిలి బాధాకరమైనది ఇదియే. రంగురంగుల చిత్రములు తెరపై వెలుగగానే విద్యార్థి నమ్మును. చుట్టును పొరుగు టవర్లను పెట్టితివా, ఏ విసురును గైకొంటివి అని అడుగు నలవాటు వానికి మాతృభాషలోనే కలుగవలెను.

కావున ఈ సభ ఒక తెలుగు గ్రంథమును పూనుకొనవలెనని నా ప్రార్థన. బల్లార్పూరు, రాజురా, ఆదిలాబాదుల డిప్లొమా విద్యార్థి నాలుగు గదుల ప్రవాహమును, మూడు ముక్కల దూలమును తన చేతితోనే గణించి, ఆ పిమ్మటనే కంప్యూటరును ముట్టునట్లు దానిని కూర్చవలెను. మొదటి అధ్యాయమును నేను వ్రాసెదను. థర్మల్ కేంద్రములో పనిచేయు మిత్రులు ఏ కాలమున ఏ దిక్కునుండి ఎంత గాలి వీచునో కొలిచి ఇచ్చినచో, అందలి లెక్కలు ఇంగ్లండు గాలివి గాక ఈ ఊరి గాలివి కాగలవు.