పెరటిలో పందికొక్కులతో కాపురము
(సంఘ సమావేశములో చదివిన ప్రసంగ పాఠము)



ఈ వారము మా ప్రసంగ విషయమేమో విని కొందరు మిత్రులు నవ్విరి. బడులలో తెలుగు పాఠములు, గ్రంథాలయపు చందాలు మొదలగు పెద్ద సంగతులుండగా పందికొక్కుల గొడవ యేల అని వారి ప్రశ్న. బరంపురములోని పాత వీధులలో కాపురముండువారు మాత్రము నవ్వలేదు. మన యిండ్లు గోడకు గోడ ఆనించి కట్టినవి. ముందు అరుగు, వెనుక నుయ్యి, నుయ్యి దాటిన పిదప పెరడు. ఒక యింటి అరటిపాదులో మొదలైన బొరియ మూడవ యింటి వంటగది క్రింద తేలును. కావున ఇది ఒక గృహస్థుని బాధ కాదు, వీథి బాధ.

ముందుగా పేరు సంగతి. ఆంగ్లేయులు ‘బాండికూట్’ అని వ్రాయు మాట మన ‘పందికొక్కు’ నుండి పుట్టినదే. వారి నిఘంటువులే ఈ మాటకు తెలుగును మూలముగా చూపుచున్నవి. ఆ మాట ఓడ యెక్కి ఆస్ట్రేలియా చేరి, అచ్చట పొట్టసంచిలో పిల్లలను పెంచు వేరొక జంతువునకు పేరైనది. మీ భాష లోకమునకేమి యిచ్చినదని మన కుర్రవారి నెవరైన అడిగినచో ఇదియు చెప్పవచ్చును. చెప్పుకొనుటకు ఇంతకంటె మంచివి లేకపోలేదు గాని, ఇంత దూరము నడిచిపోయిన మాటలు కొద్ది.

వీనిలో మనమెరుగవలసిన జాతులు రెండు. పెద్దది ఇండ్లచుట్టు, మురుగుకాలువల ప్రక్కన, గోడల మొదళ్లలో నుండును. శరీరము జానెడుకు పైగా పొడవుండి, బాగుగ మేసినది కిలో వరకు తూగును. మూలకు తరిమినచో రోమములు నిక్కించి పందివలె గుర్రుమనును. చిన్నజాతి పొలములకును, ధాన్యపు గిడ్డంగులకును శత్రువు. దాని సంగతి వర్తకులమైన మాకు వేరుగా చెప్పనక్కరలేదు. అది తినుటతో ఆగదు, దాచును. కోతల కాలమున వరి వెన్నులను కొరికి, బొరియలోని కొట్లలో కిలోల కొలది నింపుకొనును. నెల్లూరు ప్రాంతపు యానాదులు, చెంగల్పట్టు ప్రాంతపు ఇరుళరు ఆ బొరియలు త్రవ్వి గింజలు తీసికొనుట తరతరముల వాడుక. ఆడది గర్భము దాల్చిన మూడు వారములు దాటిన కొన్ని దినములకే ఈనును. ఇట్టి జంతువును ఊరినుండి పూర్తిగా వెడలగొట్టుదుమని ప్రతిజ్ఞ చేయువారిని మేము నమ్మము. దానితో హద్దులు ఏర్పరచుకొని బ్రదుకుటయే మన పని.

పెరటిలో అది చేయు నష్టము చేమ, కంద, చిలగడదుంపలతో తీరునట్టిది కాదు. లేత కొబ్బరిమొక్కను మొదట కొరికి పడవేయును. పునాది క్రింద మన్ను తోడి గోడను కుంగదీయును. మట్టి అడుసుతో కట్టిన మన తాతలనాటి గోడలకు ఇది ప్రాణాంతకము. ఇక మూత్రము ద్వారా లెప్టోస్పైరోసిస్ అను జ్వరము మనుష్యులకు సోకును. 1999 నాటి పెనుతుపాను తరువాత ఒడిశాలో ఈ జ్వరము కనబడినది. వానకాలమున చెప్పులు లేక పెరటి నీటిలో దిగరాదనుట ఇందుకే.

అయితే పందికొక్కుకంటె దాని మందు మాకు ఎక్కువ భయము. గత వానకాలమున మన వీధులలో ఒకదానిలో నొక గృహస్థుడు విడిగా పొట్లము కట్టి అమ్మిన నల్లని పొడిని పిండిలో కలిపి అరటిచెట్ల క్రింద ఉంచెను. తెల్లవారుసరికి ప్రక్కయింటి ఒడియావారి కోళ్లు రెండు, పిల్లి ఒకటి చచ్చిపడియుండెను. ఆ యింటి మూడేండ్ల బిడ్డ పిండిముద్దను చేతబట్టగా నాయనమ్మ లాగివేసినది. నలుబది యేండ్లుగా పెండ్లికి చావుకు కలిసి నడచిన రెండిండ్లవారు మూడు నెలలు మాటలాడుకొనలేదు. ఆ పొడి జింక్ ఫాస్ఫైడ్. కడుపులో తడి తగులగానే విషవాయువగును. దానికి విరుగుడు మందు లేదు. మనము ఇతర భాషవారి నడుమ వారి మంచితనముతో బ్రదుకుచున్న వారము. పెరటిగోడ దాటి పోవు విషము మనకు తగదని పెద్దలందరును కూర్చుండి నిర్ణయించితిమి. ఆ రెండిండ్లవారును ఆ సభకు వచ్చిరి.

విషము మాని చేయదగినది చాల గలదు. సాయంకాలము కన్నములన్నిటిని మట్టితో మూయుడు. ఉదయమున ఏవి తెరచియున్నవో వానిలోనే జంతువున్నది; తక్కినవి పాడుబొరియలు. వానిని గాజుపెంకులు కలిపిన సిమెంటుతో కూడ్చుడు. కూరమడుల అడుగున అర అంగుళపు కన్నుగల యినుపవల పరచినచో దుంపలు దక్కును. కోళ్లమేత, ఎంగిలి మెదుకులు రాత్రి పెరటిలో ఉంచరాదు. 2013లో ఫైలిన్ తుపానుకు కూలిన చెట్ల దుంగలు ఏండ్ల తరబడి కొందరి పెరళ్లలో పడియుండెను. వానిక్రిందనే వీని సంతానము పెరిగినది. వినబడని ధ్వనితో ఎలుకలను తరుమునని చెప్పు విద్యుద్యంత్రములు కూడ బజారునకు వచ్చినవి. నాలుగు దినములలో అవి ఆ ధ్వనికి అలవాటుపడును. అమ్మువాని మాట నమ్మవలదని వర్తకులమే చెప్పుట వింతయే.

పిల్లి పెద్ద పందికొక్కు జోలికి సాధారణముగా పోదు. జెర్రిపోతు, గుడ్లగూబ, ముంగిస మనకు నిజమైన సహాయులు. జెర్రిపోతునకు విషము లేదు. 1972 నాటి వన్యప్రాణి చట్టము దానిని చంపరాదనుచున్నది. గుడ్లగూబ అరచిన అశుభమని రాళ్లు రువ్వువారు, అది రాత్రియంతయు ఎవరికొరకు పనిచేయుచున్నదో ఒకసారి చూడవలయును. విషము తిన్న ఎలుకను తిని గుడ్లగూబయు చచ్చును.

సంఘము ఖర్చుతో ఇనుపబోనులు రెండు చేయించితిమి. కాల్చిన ఎండుచేప గాని కొబ్బరిముక్క గాని ఎరగా కట్టుడు. పడినదానిని కొనిపోయి వేరొక వీథిలో వదలుట న్యాయము కాదు. చచ్చినదానిని వట్టిచేతితో ముట్టక రెండడుగుల లోతున పాతవలయును. బోను కావలసినవారు, ఒడియా సోదరులైనను సరే, సంఘ భవనములో పేరు వ్రాయించి కొనిపోయి, నాలుగవనాడు కడిగి ఎండబెట్టి తిరిగి ఇయ్యవలయును. వచ్చు ఆదివారము ఉదయము ఏడుగంటలకు వెనుక సందులోని దుంగలు తీయు పని యున్నది. గునపములు ఉన్నవారు తెచ్చుకొనగలరు.