కొత్త గుమాస్తాలు
(బరంపురములో సంఘసభ్యుల సమావేశమున చేసిన ప్రసంగము)



దుకాణములలో కొత్తగా చేరుచున్న మన పిల్లలను గూర్చి నాలుగు మాటలు మనవి చేయుదును.

మా తండ్రిగారి కాలమున చిట్టా, ఆవర్జా తెలిసిన చాలును. 2017 జులై 1వ తేదీన వస్తు సేవల పన్ను వచ్చినంతనే, ఎన్నో యేండ్ల అనుభవము గల నేనే కొత్తగా కొలువులో చేరిన కుర్రవాడనైతిని. సరుకు ఊరిలో అమ్మినచో పన్ను కేంద్రమునకు సగము, రాష్ట్రమునకు సగము. అదే సరుకు పొరుగున ఇచ్ఛాపురమునకు పంపినచో రాష్ట్రము మారును గనుక సమగ్ర పన్ను ఒక్కటే వ్రాయవలెను. నమోదు సంఖ్యలో మొదటి రెండంకెలు మనకు 21, వారికి 37. (వియ్యములకు ఈ అంకెలు అడ్డురాకుండుట మన అదృష్టము!)

మా దుకాణమున ఒక కుర్రవాడు చేరిన నెలలోనే ఇచ్ఛాపురపు బిల్లులను ఊరి బిల్లులవలె వ్రాసెను. పదిమందిలో కేకలు వేసితిని. అతనికి అనుమానము వచ్చినదట, అడుగుటకు జంకెనట. సరియైన పన్ను మరల కట్టి, మొదట కట్టినదానిని వాపసు కోరితిమి. సొమ్ము తిరిగి వచ్చినది గాని, ఆ కుర్రవాడు రాలేదు.

నాటినుండి కొత్తవారిని మొదటి వారము నా ప్రక్కనే కూర్చుండబెట్టుకొనుచున్నాను. నెలనెల అమ్మకముల వివరమునకు 11, పన్ను పత్రమునకు 20 అని గడువులను గోడపై తెలుగునను ఒడియానను వ్రాయించితిని. ఎన్నిసార్లు అడిగినను విసుగుకొనవలదని పెద్ద గుమాస్తాగారిని కోరితిని. ఆయన విసుగుకొనుచునే చెప్పుచున్నారు.

వచ్చే ఆదివారము ఆ తప్పు బిల్లులనే ఇచ్చటికి తెచ్చెదను. కొత్తగా చేరినవారు తప్పక రండు.