ఇంటి కరెంటుకూ ఏటా ఒక పరీక్ష

(సభ్య కుటుంబాల సమావేశంలో స్వచ్ఛంద సేవకుల తరఫున చేసిన ప్రసంగ పాఠం)

 

ఆలయంలో లైట్లు, మైకు, ఇన్వర్టర్ చూసుకునే బృందం తరఫున మాట్లాడుతున్నాం. మాలో ఎక్కువమంది కంప్యూటర్ ఉద్యోగాలు చేసేవాళ్లమే. లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్లం కాము. అందుకని వైర్లు ఎలా కలపాలో చెప్పబోవడం లేదు. ఇంటి వైరింగ్‌ను ఎప్పుడు, ఎవరిచేత, ఎందుకు చూపించుకోవాలో మాత్రం చెబుతాం.

యాంగోన్‌లో మనం కరెంటు పోయినప్పుడు భయపడతాం, వచ్చినప్పుడు సంబరపడతాం. "మీ లా బ్యీ" అని వీధి వీధంతా కేకలు వినిపిస్తాయి. నిజానికి జాగ్రత్తపడాల్సింది ఆ కేక వినబడిన తర్వాతే. కరెంటు ఉండే కొద్ది గంటల్లోనే రోజంతటి పని చేసుకోవాలి. నీళ్ల మోటారు, రైస్ కుక్కర్, ఇస్త్రీపెట్టె, ఏసీ, ఇన్వర్టర్ చార్జింగ్, అన్నీ ఒక్కసారే మొదలవుతాయి. వాటి భారం మోసేది మాత్రం ఒకప్పుడు నాలుగు లైట్లకు, రెండు ఫ్యాన్లకు వేసిన పాత వైరు.

ఒక చిన్న లెక్క చూద్దాం. నీళ్లు కాచే కెటిల్ 2000 వాట్లు, ఇస్త్రీపెట్టె 1000, రైస్ కుక్కర్ 700 అనుకుందాం. మొత్తం 3700 వాట్లు. 230 వోల్టుల దగ్గర సుమారు 16 ఆంపియర్లు. మూడూ 10 ఆంపియర్ల ఎక్స్‌టెన్షన్ బాక్సు ఒక్కదానికే తగిలిస్తే అది వేడెక్కక ఏమవుతుంది? ఎంసీబీ మాటిమాటికీ పడిపోతోందని దాని స్థానంలో పెద్దది వేయించేవాళ్లున్నారు. కాలే వైరును కాపాడే కాపలాదారుడిని పంపించేసి, ఇల్లు ప్రశాంతంగా ఉందనుకోవడమే అది.

ఇంకొకటి. ఇస్త్రీ చేస్తుండగా కరెంటు పోతుంది. పెట్టెను అలాగే వదిలి బయటికి వెళతాం. మనం లేనప్పుడు కరెంటు వస్తుంది. కరెంటు పోగానే వేడి పుట్టించే ప్రతి వస్తువు ప్లగ్గూ తీసేయడం ఇంట్లో అందరికీ, పిల్లలకు కూడా, అలవాటు చేయాలి.

ఇది ఎవరింటి సంగతి వాళ్లదే అనుకునే విషయం కాదు. హైదరాబాద్‌లో చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్‌లో 2025 మే 18 ఉదయం జరిగిన అగ్నిప్రమాదం మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. చిన్నపిల్లలతో సహా 17 మంది చనిపోయారు. షార్ట్ సర్క్యూట్ కారణమని అగ్నిమాపక శాఖ ప్రాథమికంగా చెప్పింది. కింద దుకాణాలు, పైన కాపురాలు, రాకపోకలకు ఒకే ఇరుకు దారి. ఈ వర్ణన వింటుంటే మన డౌన్‌టౌన్ వీధుల్లోని ఇళ్లు కళ్లముందు కదలడం లేదూ? మనకూ ఒకటే నిటారు మెట్లదారి. దాని అడుగునే మీటర్ల పెట్టెలు. పై అంతస్తుల్లో తాళం వేసిన ఇనుప గ్రిల్ తలుపు. మంట మెట్ల దగ్గరే మొదలైతే ఎటు దిగుతాం? గ్రిల్ తాళంచెవి చీకట్లోనూ చేతికందేలా తలుపు పక్కనే, ఇంట్లో అందరికీ తెలిసిన చోట ఉంచండి.

ఎంసీబీ ఉంది కదా, భయమెందుకు అని కొందరు అడిగారు. ఎంసీబీ వైరును కాపాడుతుంది, మనిషిని కాదు. 16 ఆంపియర్లంటే 16,000 మిల్లీఆంపియర్లు. తొమ్మిది వాట్ల ఎల్‌ఈడీ బల్బు తీసుకునే కరెంటు సుమారు 40 మిల్లీఆంపియర్లు. అంత కరెంటు కాసేపు ఒంట్లోంచి పారినా గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. ఎంసీబీకి అది లెక్కలోకే రాదు. దాన్ని పట్టుకునేది ఆర్‌సీసీబీ. 30 మిల్లీఆంపియర్లు దారి తప్పితే చాలు, క్షణంలో కరెంటు ఆపేస్తుంది. మన పిల్లలు చాలామంది ఉంటున్న సింగపూర్‌లో 1985 నుంచి కొత్త ఇళ్లకు ఇది తప్పనిసరి. అంతకుముందు కట్టిన ఇళ్లకు కూడా 2025 జులై 1 నుంచి తప్పనిసరి చేశారు.

ఇప్పుడు అద్దె ఇళ్ల విషయం. ఇంగ్లండ్‌లో 2020లో చేసిన నిబంధనల ప్రకారం అద్దెకిచ్చే ఇంటి వైరింగ్‌ను కనీసం ఐదేళ్లకొకసారి అర్హత ఉన్నవాళ్లచేత పరీక్ష చేయించి, ఆ నివేదికను అద్దెకున్నవాళ్లకు ఇవ్వాలి. ఇక్కడ మనం ఆరు నెలలదో, ఏడాదిదో అద్దె ఒకేసారి ముందే కడతాం. డబ్బు చేతులు మారాక ఇంటాయన్ని అడిగే మాటకు బలం తగ్గుతుంది. కాబట్టి తనిఖీ అడ్వాన్సుకు ముందే జరగాలి. ఎలక్ట్రీషియన్‌ను వెంట తీసుకెళ్లండి. బోర్డు మూత తీయించి ఫోటో తీసుకోండి. ఏమేం బాగుచేయాలో ఒప్పందంలో రాయించండి. ఖర్చు ఎవరిదన్న తగువు రాకుండా ఒక పద్ధతి పెట్టుకోవచ్చు: గోడలో ఉన్నది ఇంటివారిది, ప్లగ్గులో పెట్టేది అద్దెవారిది. మనలో ఇళ్లు అద్దెకిచ్చేవాళ్లూ ఉన్నారు. కిరాయిదారు మారిన ప్రతిసారీ సున్నం వేయిస్తాం కదా, ఆ పనితోపాటే వైరింగూ చూపించండి.

తనిఖీ అంటే స్విచ్ వేసి లైటు వెలిగిందని చూడటం కాదు. మెయిన్ ఆపి మెగ్గర్‌తో వైరు తొడుగు బలం చూడాలి. 500 వోల్టులతో పరీక్షిస్తే కనీసం 1 మెగాఓమ్ ఉండాలి. టీవీ, కంప్యూటర్లు ముందే విప్పేయాలి. ఎర్త్ నిజంగా ఉందో లేదో కొలవాలి. ప్లగ్గుకు మూడు రంధ్రాలున్నంత మాత్రాన వెనక ఎర్త్ వైరు ఉన్నట్టు కాదు. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే ఆ మాట మొదటే చెప్పండి. మెయిన్ ఆపినా దాని లైన్లలో కరెంటు ఉంటుంది. జనరేటర్‌ను గోడ ప్లగ్గులోకి వైరుతో కలపడం ఎప్పుడూ వద్దు. ఆ కరెంటు వెనక్కి వెళ్లి, వీధిలో స్తంభం మీద పనిచేసేవాడి ప్రాణం తీయగలదు. ఛేంజోవర్ స్విచ్ ఉండి తీరాలి. మన ఇళ్లలో ఇంకొక మాట కూడా చెప్పాలి. యాసిడ్ బ్యాటరీ చార్జింగ్‌లో ఉన్నప్పుడు మండే వాయువు వస్తుంది. దాన్ని దేవుడి అర కింద, దీపం దగ్గర పెట్టకండి.

ఏడాదికొకసారి, వానలు మొదలయ్యే మే నెలకు ముందే, ఎలక్ట్రీషియన్‌తో పైపైన చూపించండి. ఐదేళ్లకొకసారి పూర్తి పరీక్ష చేయించండి. స్విచ్ వెచ్చగా అనిపించినా, ప్లగ్గు చుట్టూ గోధుమరంగు మరక కనిపించినా, ప్లాస్టిక్ కాలిన వాసన వచ్చినా, ఫ్రిజ్ ముట్టుకుంటే జిల్లుమన్నా ఆ గడువు కోసం ఆగకండి. ఆ రోజే పిలవండి.

ఆర్‌సీసీబీ మీద చిన్న టెస్ట్ బటన్ ఉంటుంది. కరెంటు ఉన్నప్పుడు నొక్కితే టక్కున పడిపోవాలి. పడకపోతే మార్పించాలి. పడినంత మాత్రాన ఎర్త్ బాగుందని అర్థం కాదు, అది వేరే పరీక్ష. మన పత్రిక మూడు నెలలకొకసారి ఇంటికి వస్తుంది. వచ్చిన రోజే ఆ బటన్ నొక్కండి, వేరే గుర్తు పెట్టుకోనక్కర్లేదు. ఒంటరిగా ఉండే పెద్దవాళ్లు కబురు చేస్తే మేం వచ్చి బటన్ నొక్కి చూస్తాం, ఎలక్ట్రీషియన్ వచ్చినప్పుడు పక్కన ఉంటాం.