కెమెరా నేర్పారు, హక్కు చెప్పలేదు

(కార్యకర్తల సమావేశంలో ఒక పూర్వ విద్యార్థిని చేసిన ప్రసంగ పాఠం)



ఈ సంగతి నలుగురిలో చెప్పడం నాకిదే మొదటిసారి. హైదరాబాదులో ఒక ప్రైవేటు మీడియా కళాశాలలో నేను ఎడిటింగ్ చదివాను. అమ్మ పొదుపు సంఘంలో అప్పు తీసి ఫీజు కట్టింది. బ్యాచ్‌లో ఆడపిల్లలం నలుగురం. "కెమెరా మీరు మోయలేరు" అని మాకు కాస్ట్యూమ్స్ పని అప్పగించేవారు.

ఎడిటింగ్ గది మాకు రాత్రిపూటే దొరికేది. ఒక రాత్రి పాఠం చెప్పే సారే తలుపు గడియ పెట్టాడు. నేను అరిస్తే వాచ్‌మన్ వచ్చాడు. మర్నాడు ఆఫీసులో చెబితే, "ఆయనకు పరిశ్రమలో పలుకుబడి ఉంది, నీ భవిష్యత్తు చూసుకో" అన్నారు. అమ్మ అప్పు గుర్తొచ్చి నోరు మూసుకున్నాను.

తర్వాత మీవంటి ఒక అక్క చెప్పింది. లైంగిక వేధింపుల నిరోధానికి వచ్చిన 2013 చట్టం విద్య, వినోద రంగాల ప్రైవేటు సంస్థలకూ వర్తిస్తుంది. అక్కడ ఉద్యోగి కాని స్త్రీ కూడా ఫిర్యాదు చేయవచ్చు. పదిమంది, అంతకు మించి పనిచేసేచోట అంతర్గత కమిటీ ఉండాలి. తక్కువమంది ఉన్నా, యజమానే నిందితుడైనా జిల్లాలోని స్థానిక కమిటీకి వెళ్ళాలి. గడువు 3 నెలలు. తగిన కారణముంటే మరో 3 నెలలు.

నాకు తెలిసేసరికి ఏడాది దాటింది.

అందుకే అడుగుతున్నాను. తరగతులు మొదలయ్యే నెలలోనే ఆ కళాశాలలకు వెళ్ళండి. కమిటీ ఉత్తర్వు గోడమీద ఉందో లేదో చూడండి. కమిటీ వేయని యజమానికి 50,000 రూపాయల వరకు జరిమానా ఉందని గుర్తుచేయండి. మా చెల్లెళ్ళకైనా గడువు దాటకముందే తెలియాలి.