మన కంచములోని జమాఖర్చు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



బుద్ధికి వలయు ఆహారము ఈ గ్రంథాలయమున దొరకును. ఆ బుద్ధిని మోయు దేహమునకు వలయు ఆహారమును గూర్చి నాలుగు మాటలు మనవి చేసెదను. నలభీమపాకమనగానే మనము రుచినే తలంతుము. పుష్టి మాట మరతుము.

మన గుంటూరు, ప్రకాశము జిల్లాల నల్లరేగడి పూర్వము జొన్న, వరిగ, సజ్జ, కంది పండించి ఊరికి అన్నము పెట్టెడిది. నేడు ప్రత్తి, మిరప పండించి రూకలు తెచ్చుచున్నది. ఇందు తప్పు లేదు. కాని ప్రత్తిని తినలేము, మిరపతో కడుపు నింపుకొనలేము. ఆ రూకలతో కొన్న తెల్లని మరబియ్యమే మూడుపూటల భోజనమైనచో, రాబడి పెరిగియు కంచము బీదపడును.

దీనికి చరిత్రయే సాక్ష్యము. 1890 దశకమున జావా ద్వీపములో ఐక్‌మన్ అను వైద్యుడు, మెరుగుపెట్టిన బియ్యమే మేసిన కోళ్లకు కాళ్లు చచ్చుపడుటయు, తవుడు కలిపి పెట్టగా అవి కోలుకొనుటయు చూచెను. 1929లో ఆయనకు నోబెల్ బహుమానము లభించెను. మనుష్యులలో ఇట్టి వ్యాధియే బెరిబెరి. గడచిన శతాబ్ది పూర్వార్ధమున అది ఉత్తర సర్కారులనబడిన మన కోస్తా జిల్లాలలో పాతుకొని యుండెను. ఉప్పుడు బియ్యము తిను ప్రాంతములలో అరుదు. వడ్లను ఉడికించినపుడు తవుటిలోని బి విటమిను గింజలోనికి దిగును. మనమో, పచ్చి వడ్లను మరలో తెలుపుచేసి, తవుడు గేదెకును తెల్లయన్నము బిడ్డకును పెట్టితిమి. మిగిలిన కొంచెమును గంజితో వార్చితిమి.

నాటి బెరిబెరి నేడు అరుదైనది. కంచపు లోటు మాత్రము తీరలేదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రమున 15 మొదలు 49 ఏండ్ల వరకు గల స్త్రీలలో సగముకంటె ఎక్కువమందికి రక్తహీనత కలదని తేలినది. ఇంటిల్లిపాదికి వడ్డించి, తాను పచ్చడి మెతుకులతో సరిపెట్టుకొను తల్లి ఆ లెక్కలోనిదే.

మరి ఏమి తినవలెను? 1918లో కూనూరున పుట్టి 1958లో హైదరాబాదునకు వచ్చిన జాతీయ పోషకాహార సంస్థ 2024లో చెప్పిన కొలత ఇది. 2000 కెలొరీల దినభోజనమునకు ధాన్యము 250 గ్రాములు, పప్పులు, లేదా గ్రుడ్లు, మాంసము 85, ఆకుకూరలతో సహా కూరగాయలు 400, పండ్లు 100, పాలు లేక పెరుగు 300 మిల్లీలీటర్లు. అన్నపు పద్దు తగ్గించి, తక్కిన పద్దులు పెంచుమనుటయే దీని భావము.

ఇందుకు పట్నము పోనక్కరలేదు. మందు చల్లెడి చేలకు దూరముగా, పెరటిలో మునగ, తోటకూర, గోంగూర పెంచుడు. వారమున కొన్ని పూటలు జొన్నయన్నమో కొర్రయన్నమో వండుడు. ఆకుకూర పప్పుపై నిమ్మరసము పిండినచో అందలి ఇనుము చక్కగా ఒంటబట్టును. మన పచ్చిమిరపలోను సి విటమిను మెండే; ఐనను పచ్చడి కూరకు తోడు గాని, కూరకు బదులు కాదు.

ఈ రాత్రి ఇంటికి పోయి భోజనమునకు కూర్చున్నపుడు, ఇల్లాలి కంచమున ఏమి మిగిలినదో చూడుడు. అందు పప్పును కూరయు మజ్జిగయు ఉన్నచో మీ ఇంటి లెక్క సరిపోయినట్లు. లేనిచో ఆ లోటు మొదట తీర్చుడు.