ఎవరితో పోల్చి చూశారు? - ఒక స్త్రీ చేసిన లెక్కలు, మన ఆరోగ్య హక్కులు

(మహిళా ఆరోగ్య కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



అంకెలంటే మనకు మంచి అభిప్రాయం లేదు. దానికి కారణాలున్నాయి. గ్రామాల్లో పనిచేసే కార్యకర్తకి, ఎ.ఎన్.ఎం.కి, ఆశా కార్యకర్తకి అంకె అంటే పైనుంచి వచ్చే టార్గెట్. ఈ నెలలో ఇన్ని ట్యూబెక్టమీలు, ఇన్ని కాన్పులు, ఇన్ని టీకాలు. ఆ అంకెలో స్త్రీ ఉంటుంది కానీ ఆమె చెప్పే మాట ఉండదు. అందుకే మనలో చాలామంది "లెక్కలు ప్రభుత్వానివి, అనుభవాలు మనవి" అని పని విభజన చేసేసుకున్నాం. మరికొంతమంది ఏదో ఒక నివేదికలోంచి ఒక శాతాన్ని తీసుకుని కరపత్రంలో వేసేస్తారు. ఆ శాతం ఎలా వచ్చిందో ఎవరూ అడగరు.

ఈ రెండు ధోరణులూ మనకి నష్టం చేస్తున్నాయని నా అభిప్రాయం. లెక్క ఎలా తయారవుతుందో తెలిస్తే దాన్ని ప్రశ్నించగలం, అవసరమైతే మనమే తయారుచేసుకోగలం. ప్రజారోగ్య పరిశోధనలో గణాంక శాస్త్రాన్ని ఎలా వాడాలో మొదట్లోనే చూపించినవాళ్లలో ఒక స్త్రీ ఉంది. ఆమె పేరు జానెట్ లేన్ క్లేపాన్. ఆమె చేసిన పని, ఆ పని ఆగిపోయిన తీరు రెండూ మనకు పనికొచ్చేవే.

జానెట్ 1877లో ఇంగ్లండులోని లింకన్‌షైర్‌లో సంపన్న కుటుంబంలో పుట్టింది. ఆనాడు బ్రిటన్‌లో చాలా వైద్య కళాశాలలు స్త్రీలని చేర్చుకునేవి కావు. స్త్రీలు పోరాడి తమ కోసం తెరిపించుకున్న లండన్ స్కూల్ ఆఫ్ మెడిసిన్ ఫర్ విమెన్‌లో ఆమె చదివింది. శరీరధర్మ శాస్త్రంలో డాక్టరేటు, ఆ తర్వాత వైద్యంలో ఎం.డి. రెండూ సంపాదించింది. 1906లో ప్రసిద్ధ శాస్త్రవేత్త స్టార్లింగ్‌తో కలిసి పాలగ్రంథులు ఎలా పెరుగుతాయన్న దానిమీద పరిశోధన పత్రం ప్రచురించింది. ప్రయోగశాలలో స్థిరపడిపోవలసిన మనిషి, అక్కణ్ణించి బయటికొచ్చి ప్రజారోగ్యం వైపు నడిచింది.

అప్పటి పరిస్థితి కొంచెం చెప్పాలి. 1900 ప్రాంతంలో ఇంగ్లండులో పుట్టిన ప్రతి వెయ్యిమంది శిశువుల్లో సుమారు 150 మంది ఏడాది నిండకుండానే చనిపోయేవారు. ఈ చావులు ఎప్పటినుంచో ఉన్నవే. ప్రభుత్వానికి వాటి గురించి బెంగ పుట్టింది మాత్రం బోయర్ యుద్ధం తర్వాత. 1899 నుంచి 1902 దాకా జరిగిన ఆ యుద్ధానికి సైన్యంలో చేరడానికి వచ్చిన యువకుల్లో చాలామంది శారీరకంగా పనికిరాకపోవడంతో, "జాతి క్షీణిస్తోంది" అన్న గోల మొదలైంది. సామ్రాజ్యానికి సైనికులు కావాలి, సైనికులు కావాలంటే పిల్లలు బతకాలి. పిల్లలు బతక్కపోతే తప్పు ఎవరిది? తల్లులదే! పేద తల్లికి పిల్లని పెంచడం తెలీదు, ఫ్యాక్టరీ పనికిపోతుంది, పాలివ్వదు అని పెద్దమనుషులు తీర్పులిచ్చేశారు. ఈ మాటలు మనకి కొత్తవి కావు. పోషకాహార లోపం మీద మన దగ్గర జరిగే సదస్సుల్లో ఇప్పటికీ వింటూనే ఉన్నాం.

ఈ వాతావరణంలో జానెట్‌కి ఒక ప్రభుత్వ శాఖ అప్పజెప్పిన ప్రశ్న పాల గురించి. తల్లిపాలు లేని పిల్లలకి ఆవుపాలు కాచి పట్టొచ్చా? కాస్తే బలం పోతుందా? అందరికీ అభిప్రాయాలున్నాయి, ఎవరి దగ్గరా ఆధారాల్లేవు. ఆమె బెర్లిన్ నగరంలోని శిశు సంరక్షణ కేంద్రాల రికార్డులు తెరిచింది. అక్కడికి శ్రామిక కుటుంబాల తల్లులు పిల్లల్ని తీసుకొచ్చేవారు, పిల్లల బరువు తూచి రాసేవారు. వాటిలోంచి కాచిన ఆవుపాల మీద పెరిగిన 204 మందిని, తల్లిపాల మీద పెరిగిన 300 మందిని తీసుకుని, ఏ వయసుకి ఎవరెంత బరువున్నారో పోల్చింది. నివేదిక 1912లో వచ్చింది.

తల్లిపాలు తాగిన పిల్లలు, ముఖ్యంగా మొదటి రోజుల్లో, ఎక్కువ బరువున్నారు. ఇది ఎవరైనా ఊహించగలిగేదే. ఆమె గొప్పతనం ఆ తర్వాత వేసుకున్న రెండు ప్రశ్నల్లో ఉంది. మొదటిది: ఈ తేడా యాదృచ్ఛికంగా వచ్చిందేమో? పిల్లల సంఖ్య తక్కువగా ఉన్నచోట సగటుల మధ్య తేడాని నమ్మొచ్చా లేదా తేల్చడానికి, 1908లో 'స్టూడెంట్' అన్న మారుపేరుతో ఒక గణాంకవేత్త ప్రచురించిన పద్ధతిని ఆమె వాడింది. రెండోది మనకి ఇంకా ముఖ్యం: ఈ తేడాకి కారణం పాలా, పేదరికమా? పోతపాలు పట్టే తల్లులు మరింత పేదవాళ్లైతే, పిల్లల బరువు తగ్గడానికి కారణం పాలు కాకపోవచ్చు, ఇంట్లో తిండి లేకపోవడం కావచ్చు. అందుకని తండ్రుల వేతనాలనీ పిల్లల బరువులనీ పక్కపక్కన పెట్టి చూసింది. తాను చూసిన తేడాని వేతనాలు వివరించలేవని తేల్చుకున్నాకే పాల గురించి మాట్లాడింది.

తల్లిని నిందించడం తేలికైన కాలంలో, నిందించే ముందు ఆ ఇంటి ఆదాయం చూడాలన్న క్రమశిక్షణని ఆమె లెక్కలోనే పెట్టింది. ఆమె స్త్రీవాదా కాదా అన్న చర్చలోకి నేను వెళ్లడం లేదు. ఆమె పద్ధతి మాత్రం స్త్రీలకి న్యాయం చేసే పద్ధతి.

ఆ తర్వాత ఆమె పాల పరిశుభ్రత మీద 1916లో, శిశు సంక్షేమ ఉద్యమం మీద 1920లో పుస్తకాలు రాసింది. లండన్ కింగ్స్ కాలేజీ స్త్రీల విభాగంలో డీన్‌గా పనిచేసింది. 1920లలో బ్రిటిష్ ఆరోగ్య శాఖ ఏర్పాటుచేసిన క్యాన్సర్ కమిటీ కోసం రొమ్ము క్యాన్సర్ మీద పని మొదలుపెట్టింది.

సన్యాసినుల్లో రొమ్ము క్యాన్సర్ ఎక్కువని ఇటలీ వైద్యుడు రమజ్జీనీ 1713లోనే రాశాడు. రెండువందల ఏళ్లుగా వైద్యులు తమకి తోచింది చెబుతూనే ఉన్నారు. జానెట్ లండన్, గ్లాస్గో ఆసుపత్రుల్లో రొమ్ము క్యాన్సర్ వచ్చిన సుమారు 500 మంది స్త్రీలని ఒక పొడుగాటి ప్రశ్నావళితో పలకరించే ఏర్పాటు చేసింది. పెళ్లి ఏ వయసులో అయింది, ఎంతమంది పిల్లలు, పాలిచ్చారా, ఎంతకాలం ఇచ్చారు. ఇంతవరకూ ఎవరైనా చేస్తారు. ఆమె దాంతో ఆగలేదు. క్యాన్సర్ లేని, వేరే జబ్బులతో ఆసుపత్రికొచ్చిన మరో 500 మంది స్త్రీలని అవే ప్రశ్నలు అడిగించింది. ఎందుకు? "క్యాన్సర్ వచ్చినవాళ్లలో ఇంతమందికి పిల్లల్లేరు" అంటే దానికి అర్థం లేదు. క్యాన్సర్ రానివాళ్లలో ఎంతమందికి పిల్లల్లేరో తెలిస్తేనే అర్థం వస్తుంది.

1926లో వచ్చిన ఆ నివేదిక, పెళ్లి కానివాళ్లలో, ఆలస్యంగా పెళ్లయినవాళ్లలో, పిల్లలు తక్కువగా ఉన్నవాళ్లలో, పాలివ్వనివాళ్లలో ఈ జబ్బు ఎక్కువని చూపింది. తర్వాత వచ్చిన పరిశోధనలు ఆ విషయాల్ని మొత్తమ్మీద బలపరిచాయి. జబ్బు తొలిదశలో ఉండగా ఆపరేషన్ అయినవాళ్లు ఎక్కువకాలం బతుకుతున్నారని కూడా ఆమె పని చూపించింది. జబ్బున్నవాళ్లనీ లేనివాళ్లనీ ఇలా పోల్చే పద్ధతితోనే 1950లో డాల్, బ్రాడ్‌ఫోర్డ్ హిల్ సిగరెట్‌కీ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కీ ఉన్న సంబంధాన్ని చూపించారు. వాళ్ల పేర్లు వైద్య విద్యార్థులందరికీ తెలుసు. జానెట్ పేరు చాలా దశాబ్దాలపాటు దాదాపు ఎవరికీ తెలీదు.

కారణం 1929లో ఆమె పెళ్లి. వరుడు ఆరోగ్య శాఖలోనే ఉన్నతాధికారి. బ్రిటిష్ సివిల్ సర్వీసులో పెళ్లయిన స్త్రీ ఉద్యోగం చేయకూడదన్న నిబంధన ఉండేది. ఆయన ఉద్యోగం ఆయనకి ఉంది, ఆమె పరిశోధన ఆగిపోయింది. అప్పటికి ఆమెకి 52 ఏళ్లు. 1967లో 90 ఏళ్ల వయసులో చనిపోయేదాకా మళ్లీ పరిశోధన ప్రచురించలేదు. ఆ నిబంధనని 1946లో ఎత్తేశారు.

ఇది ఎక్కడో తెల్లవాళ్ల దేశం కథ అనుకోకండి. మన విదేశాంగ సర్వీసులో స్త్రీ పెళ్లి చేసుకోవాలంటే ప్రభుత్వ అనుమతి తీసుకోవాలన్న నిబంధన ఉండేది, సంసార బాధ్యతలు అడ్డమనిపిస్తే రాజీనామా కోరే అధికారం ప్రభుత్వానికి ఉండేది. సి.బి. ముత్తమ్మ కోర్టుకెక్కితే 1979లో జస్టిస్ కృష్ణయ్యర్ ఆ నిబంధనల్ని తప్పుపట్టారు. ఎయిరిండియా ఎయిర్‌హోస్టెస్‌ని మొదటి గర్భంతోనే ఉద్యోగంలోంచి తీసేసే నిబంధనని 1981లో నర్గీష్ మీర్జా కేసులో సుప్రీంకోర్టు కొట్టేసింది. స్త్రీ ఉద్యోగం పోతే ఆమె జీతం ఒక్కటే పోదు. ఆమె అడగబోయే ప్రశ్నలు కూడా పోతాయి. జానెట్ విషయంలో ఎన్ని ప్రశ్నలు అడగకుండా మిగిలిపోయాయో లెక్కకట్టే పద్ధతి ఏ శాస్త్రంలోనూ లేదు.

ఇప్పుడు మన ప్రాంతానికి వద్దాం. "ఎవరితో పోల్చి చూశారు?" అన్న ఆమె ప్రశ్నని మూడు సందర్భాల్లో వాడి చూద్దాం.

మొదటిది గర్భసంచి ఆపరేషన్లు. ఊళ్లో తిరిగే కార్యకర్తకి ఈ సంగతి ఎప్పటినుంచో తెలుసు. ముప్ఫై ఏళ్లు దాటీదాటకుండానే తెల్లబట్టకీ నడుంనొప్పికీ గర్భసంచి తీసేస్తున్నారని మనం చెబితే "అక్కడక్కడా జరుగుతుందిలెండి" అన్నారు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుంచి 49 ఏళ్లలోపు స్త్రీలలో ఈ ఆపరేషన్ అయినవాళ్లు దేశం మొత్తమ్మీద సుమారు 3 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 9, తెలంగాణలో సుమారు 8. దేశం అంకె పక్కన పెట్టకపోతే ఆ 9 మనతో ఏమీ మాట్లాడదు. పక్కన పెడితే అడగాల్సింది అర్థమవుతుంది: మన ఆడవాళ్ల గర్భసంచులు మిగతా దేశంకంటే మూడురెట్లు చెడ్డవా, లేక మన వైద్య వ్యాపారం వేరేలా ఉందా?

రెండోది నెట్-ఎన్ ఇంజెక్షన్. 1985లో హైదరాబాద్ దగ్గర పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో, అది ప్రయోగంలో ఉన్న మందని స్త్రీలకి చెప్పకుండానే ఈ గర్భనిరోధక ఇంజెక్షన్ ఇవ్వడానికి సిద్ధమైతే స్త్రీ శక్తి సంఘటన నిలదీసింది. 1986లో సహేలీ వంటి సంఘాలతో కలిసి సుప్రీంకోర్టుకి వెళ్లింది. అక్కడ ప్రధాన ప్రశ్న సమ్మతి. దాని పక్కనే ఒక గణాంక ప్రశ్న కూడా ఉంది. ఇలాంటి ప్రయోగంలో రక్తస్రావం భరించలేక రెండో ఇంజెక్షన్‌కి రాని స్త్రీ లెక్కలో ఏమవుతుంది? ఆమెని "మధ్యలో మానేసినవారు" అన్న గడిలో వేసి, మిగిలినవాళ్లతోనే ఫలితం చెబితే, ఆ ఫలితం ఇబ్బంది పడనివాళ్ల గురించి మాత్రమే చెబుతుంది. 2017లో 'అంతర' పేరుతో మరో గర్భనిరోధక ఇంజెక్షన్ ప్రభుత్వ కార్యక్రమంలోకి వచ్చింది. రానివాళ్లు ఎందుకు రాలేదన్న ప్రశ్న మనం అడుగుతూనే ఉండాలి.

మూడోది ఖమ్మం జిల్లా. 2009లో పాథ్ అనే అమెరికన్ సంస్థ, ఐ.సి.ఎం.ఆర్. కలిసి భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా హెచ్.పి.వి. టీకా వేయించాయి. గుజరాత్‌లో కూడా ఇదే జరిగింది. పిల్లల్లో చాలామంది గిరిజన హాస్టళ్లలో ఉండేవాళ్లు. రెండు రాష్ట్రాల్లో కలిపి ఏడుగురు చనిపోయారు, అందులో ఐదుగురు మన పిల్లలు. మహిళా సంఘాలు, ఆరోగ్య సంఘాలు గట్టిగా అడిగాక 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం ఆపారు. 2013 ఆగస్టులో వచ్చిన పార్లమెంటరీ స్థాయీ సంఘం నివేదిక ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 9,543 సమ్మతి పత్రాల్లో 2,763 మీద హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారు.

ఈ చావులకి టీకాతో సంబంధం లేదన్నారు. ఆ మాట నిజమే కావచ్చు. 2020లో స్వీడన్‌లో పదహారు లక్షలకు పైగా ఆడపిల్లలు, యువతుల రికార్డులతో వచ్చిన అధ్యయనం ఈ టీకా ఆ క్యాన్సర్‌ని బాగా తగ్గిస్తుందని చూపించింది. నేను టీకాకి వ్యతిరేకిని కాను. అయితే ఆ అధ్యయనంలో వేయించుకున్నవాళ్లనీ, వేయించుకోనివాళ్లనీ ఏళ్ల తరబడి గమనించి పోల్చారు. మన పిల్లల విషయంలో టీకా తర్వాత ఎవరికి ఏమైందో కనిపెట్టి రాసే ఏర్పాటే సరిగా లేదని స్థాయీ సంఘం తప్పుపట్టింది. రాయని చోట పోలిక లేదు, పోలిక లేని చోట "సంబంధం లేదు" అన్న మాట శాస్త్రం కాదు, అధికారం. స్వీడన్ పిల్లకి దొరికిన రికార్డు భద్రాచలం పిల్లకి దొరక్కపోవడం హక్కుల సమస్య.

కాబట్టి ఇకనుంచి ఏ అంకె మన ముందుకొచ్చినా నాలుగు ప్రశ్నలు అడుగుదాం. ఎవరిని లెక్కపెట్టారు? ఎవరితో పోల్చారు? మధ్యలో వెళ్లిపోయినవాళ్లు ఏమయ్యారు? పేదరికాన్ని లెక్కలోకి తీసుకున్నారా? ఇవి అడగడానికి గణితంలో డిగ్రీ అక్కర్లేదు. మన సంఘాలు ఉంచే రిజిస్టర్లలో కూడా ఇవే ప్రశ్నలకి జవాబులుండాలి. గర్భసంచి తీయించుకున్న స్త్రీల పేర్లు రాసుకుంటున్న మిత్రులు, అదే ఊళ్లో అదే వయసుండి తీయించుకోని స్త్రీలతో కూడా మాట్లాడి రాసుకోండి. ఏ ఆసుపత్రికి వెళ్లారు, ఎవరు చెప్పారు, ఎంత అప్పు చేశారు అన్నవి ఇద్దరినీ ఒకేలా అడగండి. రేపు అధికారుల ముందు కూర్చున్నప్పుడు ఆ రెండో జాబితానే మన మాటకి బలం.

దీనికి ప్రశ్నావళి తయారుచేసే పని మధ్యాహ్నం భోజనాల తర్వాత మొదలుపెడదాం. మీ మీ మండలాల్లో ఏం అడిగితే జవాబు వస్తుందో, ఏం అడిగితే రాదో నాకంటే మీకే బాగా తెలుసు.