ఉద్యోగ భద్రత – ప్రజాక్షేమము
(ఉపన్యాసపాఠము)



సర్కారు కొలువు దొరవారి దయపై నిలుచునని పూర్వులు తలచెడివారు. 1950లో అమలైన రాజ్యాంగము ఆ దయకు హద్దు కట్టినది. 311వ అధికరణము ప్రకారము, నియమించిన అధికారికంటె క్రిందివాడు ఉద్యోగిని తొలగింపరాదు. ఆరోపణలు తెలిపి, బదులు చెప్పుకొన అవకాశమిచ్చి, విచారణ జరిపిన పిమ్మటనే తొలగింపవలెను. కొన్ని మినహాయింపులు మాత్రము కలవు.

ఈ రక్షణ ఎందుకు? పెద్దల ఒత్తిడికి లొంగక ఉన్నదున్నట్లు వ్రాయు గుమాస్తా ఊరికి కావలెను. రేపు పొయ్యిలో పిల్లి లేవదను భయమున్నచో అట్టివాడు దొరకడు.

అయినను ఈ కవచము అన్నిటినీ ఆపజాలదు. 1983 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము పదవీ విరమణ వయస్సును 58 నుండి 55 ఏండ్లకు తగ్గించినది. 18,000కు పైగా ప్రభుత్వోద్యోగులు ఒక్కసారిగా ఇండ్లకు చేరిరి. కూతురి పెండ్లికో, కొడుకు చదువునకో ఆ మూడేండ్ల జీతమును నమ్ముకొన్నవారి గతి యేమి? 1984లో మరల 58 ఏండ్లయినది. తగ్గింపు చెల్లునని 1985లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది.

కావున భద్రత చట్టమిచ్చునదే గాని, దానిని నిలుపునది ప్రజల మన్నన. కాగితము కదలకున్నను జీతము కదలివచ్చునని కూర్చున్నవానికి కష్టకాలమున ఊరు తోడు రాదు. ఉద్యోగి నిర్భయముగా వ్రాయవలెను. అర్జీదారుడు నిర్భయముగా అడుగవలెను. ఈ రెండును కలసిననాడే కచేరి ప్రజలది యగును.